దొరసాని గోకుడు

సంచీ పట్టుకున్న ముసలాయన ఆవేళ కూడా వచ్చాడు.

వరసగా మూడో రోజు. వలల కుప్ప పక్కన నిలబడి, చిలకమ్మ అరుగు మీదున్న పిల్లినే చూస్తున్నాడు. భుజాన జిప్పు సంచీ. సంచీకి ఇరుపక్కలా గాలి కన్నాలు.

చిలకమ్మ పిల్లిని దగ్గరికి లాక్కుంది.

"ఓలే చిట్టెమ్మా, ఆడే! పిల్లుల్ని అట్టుకుపోయేవోడు. ఆ కన్నాల సంచి సూడు," అంది పక్కింటి గడపకేసి తిరిగి.

"నీ పిల్లినెవుడు అట్టుకెల్తాడే అప్పా? గోకి గోకి ఈకలు పీకిన కోడినాగుంటేనూ!" అంది చిట్టెమ్మ.

ఆ మాటా నిజమే. పిల్లి పేరు దొరసాని. ఆరు నెలల కిందట ఓ వానలో, చిలకమ్మ ఊళ్ళో చేపలమ్ముకుని ఆటో దిగుతుంటే ఖాళీ గంపలోంచి దూకింది. సింగపూర్ ఓడ దిగి, పోర్టు గేటులో పాసు చూపించి మరీ వచ్చిందని చిలకమ్మ జాలరిపేటంతా చెప్పుకుంది. నమ్మినవాళ్ళూ ఉన్నారు.

వచ్చిన నెలకే గోకుడు పట్టుకుంది. మెడ చుట్టూ పుళ్ళు, చెవుల దగ్గర నెత్తురు. అది గోక్కుంటే యారాడ కొండ కదులుతుందంటాడు చిలకమ్మ మొగుడు అప్పలసూరి. అంత కాదుగాని, వాకిట్లో రేకు మాత్రం కదిలేది.

పసుపు రాశారు. వేపనూనె రాశారు. పశువుల ఆసుపత్రిలో సూది వేయిస్తే వారం తగ్గి, మళ్ళీ మొదలైంది. పేలు లేవు, గజ్జీ కాదన్నారు. జాలేసినప్పుడల్లా చిలకమ్మ గంపలోంచి మంచి వంజరం చేప ముక్క ఏరి పెట్టేది. అయినా పుళ్ళు పెరిగేవే గాని తరిగేవి కావు.

అప్పలసూరి తేల్చేశాడు.

"రేపు ఏట నిషేదమయ్యి మళ్ళీ పడవలెల్లే ఏలకి మన కూతురు ధనలక్ష్మి పురిటికొత్తాది. అప్పటికీ తగ్గకపోతే దీన్ని పడవలో ఏసుకెల్లి ఎక్కడో ఒదిలేత్తాను. పసిగుడ్డుకి అంటుకుంటే నువ్వు మాన్పుతావేటి?"

అప్పట్నుంచీ చిలకమ్మకి ముద్ద దిగడంలేదు. అది చాలనట్టు ఇప్పుడీ సంచీవాడొకడు.

ముసలాయన ఈసారి నేరుగా అరుగు దగ్గరికే వచ్చాడు.

దొరసాని లేచింది. చిలకమ్మని తప్ప ఎవర్నైనా రక్కే పిల్లి, వెళ్ళి ఆయన కాళ్ళకి తల రాసింది. గుర్రుగుర్రుమంది.

చిలకమ్మ అనుమానం గట్టిపడింది. మందు జల్లాడు!

ఆయన వంగి దాని మెడ మీద వెంట్రుకలు పాయ తీసి చూశాడు.

"దీనికేం పెడుతున్నావమ్మా?"

"సేపలు. మరేటి, బిరియానీ ఎడతారేటి?"

"ఆ చేపలే దీనికి పడవమ్మా. మానెయ్. ఉప్పూకారం లేకుండా కోడిమాంసం ఉడకబెట్టి పెట్టు. రెండు నెలలు ఓపిక పట్టు."

చిట్టెమ్మ పకపకా నవ్వింది.

"ఇన్నావేటే అప్పా! జాలరిపేటలో పిల్లి సేపలు మానేయాలట! రేపు సముద్రాన్ని ఉప్పు మానీమంటాడు!"

ముసలాయన చెయ్యి సంచీ జిప్పు మీదికి వెళ్ళింది. జిప్పు సగం తెరుచుకుంది.

అంతే. చిలకమ్మ అరుగు మీంచి దూకి పిల్లిని గుండెలకి హత్తుకుంది. నెత్తుటి మెడని చెంపకానించుకుని కేకపెట్టింది.

"ఓలమ్మో! అట్టుకుపోతన్నాడో! ముందు నన్ను సంపి, అప్పుడట్టుకెల్లు!"

ఆయన ఆమెకేసి, ఆమె చెంపకానిన పిల్లికేసి చూశాడు. జిప్పు మెల్లగా మూసేశాడు.

ఈలోగా అప్పలసూరి పరుగున వచ్చి ఆయన కాలరు పట్టుకున్నాడు. సంచీ లాగి కెరటాల్లోకి విసిరేశాడు. ఆయన కాలరు విడిపించుకుని కదిలాడు. సందు చివర ఆగిన ఆటో ఎక్కబోతూ మాత్రం వెనక్కి తిరిగాడు.

"రొయ్యపొట్టు కూడా వద్దమ్మా," అన్నాడు.

నాలుగు రోజులకి, చేపలు గుడ్లుపెట్టే కాలమని సర్కారు ఏటా పెట్టే వేట నిషేధం మొదలైంది. పడవలు ఇసకెక్కాయి. రెండు నెలల పాటు ఇంట్లో చేప వాసనే లేదు. దొరసానికి ఉడికించిన గుడ్డూ, కోళ్ళ కొట్టువాడు పారేసే ముక్కలూ దక్కాయి. ఎవరో చెప్పారని కాదు, చేప లేక.

పుళ్ళు మానాయి. బొచ్చు వచ్చింది. కూతురొచ్చేసరికి దొరసాని పట్టుచీర కట్టినట్టు మెరిసింది.

"నా ఏపనూనే!" అని మీసం తిప్పాడు అప్పలసూరి.

వేట మొదలైంది. మొదటి రోజు వంజరం తల, ఆ సంతోషంలో దొరసానికే పెట్టింది చిలకమ్మ.

మూడో రోజు పొద్దున్నే లేచి చూస్తే, పిల్లి మెడ నిండా నెత్తురు.

చిలకమ్మ దాని పళ్ళెంలో మిగిలిన చేపముళ్ళకేసి చూసింది. సేపలే! ఆ ముసలాయన చెప్పింది సేపలే! ఈసారి భయం పిల్లిని చూసి కాదు, తాము ఆ మనిషికి చేసింది తలుచుకుని.

పిల్లికి గుడ్డు ఉడకేసి, మంచి చేప ఒకటి ఆకులో చుట్టుకుని బయల్దేరింది. ఆ రోజు ఆయనెక్కిన ఆటో వెనక ఎర్రక్షరాలతో రాసున్న 'బాబీ' ఒక్కటే గుర్తు. నాలుగు స్టాండులు తిరిగితే, సాలిగ్రామపురంలో ఆ ఆటో బాబీ దొరికాడు.

"దేవీప్రసాద్ గారా? పోర్టులో సేసి రిటైరయ్యారు. ఆయన సేప ముట్టరు పిన్నీ. అయినా ఇప్పుడొచ్చినావేటి? కిందటి నెల్లోనే క్వార్టరు ఖాళీ సేసి, రాజోలు ఎలిపోనారు."

"పిల్లుల డాక్టరా బాబూ ఆయన?"

"డాక్టరేటి! ఆరి బార్య, సచ్చిపోయిన అమ్మగారు పెంచిన పిల్లి తప్పిపోతే, ఆరు నెల్లు నా ఆటోలో పేటపేటా ఎతికినారు."

చిలకమ్మ ఆకు పొట్లాన్ని కొంగు చాటున దాచుకుంది.

"ఆ రోజు మీ పేట కాడ చొక్కా సిరిగిపోయి, ఉత్త సేతుల్తో ఆటో ఎక్కినారు," అన్నాడు బాబీ. "దొరకనేదా బాబుగారూ అనడిగితే, 'దొరికింది బాబీ, దాని ఇంట్లోనే ఉంది' అన్నారు."