ఒక్క సీసా

"నేను తాగేది గంజాయి. వరంగల్ ల్యాబోళ్లు నిద్రగోలీలని రాసిండ్రేంది?" ప్రభుత్వ బాలసదనం వార్డెన్ భానుచందర్ గొంతు తగ్గించి అడిగాడు.

ఆయా చిలుకమ్మ తల వంచుకుంది. ఉద్యోగులందరికీ మూత్రపరీక్ష తప్పనిసరి అనగానే, సార్ సంగతి బయటపడకుండా ఆయన సీసాను సదనంలోని అయిదేళ్ల మణిదీప్ చేత నింపించి తెచ్చింది తనే.

"అది పిలగానిది గద సార్. పోరగాండ్లు లొల్లి చేయకుండ పండాలని రోజూ పాలల్ల గోలీ కలుపమన్నది మీరే."

భానుచందర్ గోడమీది క్యాలెండర్ చూశాడు.

"సోమారం మళ్ల పరీక్ష ఉన్నది. ఇయ్యాల్టి సంది గోలీ ఆపు."

చిలుకమ్మ మొహం తేటపడింది. "అందరికా సార్?"

"అందరికెందుకు? మణిదీప్‌కు ఆపు చాలు. నేనిచ్చేది ఒక్క సీసనే గద."