రెండో గొళ్ళెం

"ఇది వద్దన్నయ్యా," అన్నాడు తమ్ముడు మళ్ళీ.

ట్రాలీలు తయారుచేసే షెడ్డు ముందు రెండు హైడ్రాలిక్ ట్రాలీలు పక్కపక్కన నిలబడి ఉన్నాయి. ఒకటి పొట్టి జాకీది. దాని తొట్టి సగం వంగి ఆగిపోతుంది. మిగిలిన సరుకు పారతో లాగాలి. రెండోది పొడుగు జాకీది. షెడ్డు యజమాని లివరు లాగగానే దాని తొట్టి ముందువైపు లేస్తూ లేస్తూ దాదాపు నిటారుగా నిలబడింది. అన్న తల వెనక్కి వంచి, కళ్ళార్పకుండా చూశాడు.

"చూశావా? తడి ఎరువైనా ఒక్క ముద్ద మిగలదు."

"మన చేలో అంత ఎత్తు..."

"ఎత్తయితే ఏంటట? బోల్తా పడుతుందా? ఏమయ్యా, పడుతుందా?"

"నేల చదునుగా ఉంటే పడదండీ," అన్నాడు యజమాని. "తోలేవాడు తూలకపోతే చాలు."

అన్న నవ్వాడు. తమ్ముడు నవ్వలేదు.

"నేను చెప్పేది అది కాదు."

"నువ్వు చెప్పేది నాకు తెలుసురా. డబ్బు దండగంటావు. పార పట్టుకుంటే ఒళ్ళు గట్టిపడుతుందంటావు. నా నడుముకి ఇంకా గట్టిపడే ఓపిక లేదు."

ఎదుటివాడి ప్రశ్న తానే వేసుకుని, తానే జవాబు చెప్పి, తానే గెలవడం అన్నకు అలవాటు. అలా గెలిచిన ప్రతిసారీ ఎదుటి మనిషి మరికాస్త దూరం జరుగుతాడని ఆయనకు తెలియకపోలేదు. కానీ ఆ ఎరుక ఎప్పుడూ గెలుపు తర్వాతే వచ్చేది.

తమ్ముడు గొంతు తగ్గించాడు. "నాన్న పోయాక ఒక్క పనిలోనైనా నా మాట చెల్లిందా? ఇది కొన్నావంటే ఇక ఎవరి సేద్యం వాళ్ళదే."

"ట్రాలీ కోసం వేరుపడతావట్రా?"

"ట్రాలీ కోసం కాదు."

పొడుగు జాకీదే ఇంటికి వచ్చింది.

ఆ రోజు నుంచి అన్నదమ్ముల మాటలన్నీ వదిన మీదుగానే నడిచాయి.

"వదినా, రేపు ఎరువు తోలాలట కదా. చేను దగ్గర ఉంటానని చెప్పు."

"ఆయన నీ ఎదురుగానే ఉన్నారు."

"అందుకే నీతో చెబుతున్నా."

"వచ్చేటప్పుడు ఆ మూతి ముడుపు ఇంట్లో పెట్టి రమ్మను," అన్నాడు అన్న.

"మీ ఇద్దరి మాటలూ మోయడానికి నాకేమైనా జీతమిస్తున్నారా? అవతల పొయ్యి మీద కూర మాడుతోంది," అని ఆమె లేచి వెళ్ళిపోయింది. అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకోబోయి గోడ వైపు చూశారు.

మర్నాడు ఎరువు నింపిన ట్రాలీని ట్రాక్టరుకు తగిలించుకుని చేనికి వెళుతూ దారంతా అన్న ఒకటే ఆలోచించాడు. చేను మధ్యలో హద్దురాయి పాతడం ఊహించబోయాడు. రాయి కనిపించింది గాని, దానికి ఇవతల తానేం చేస్తాడో కనిపించలేదు. ట్రాలీ మార్చుకోవచ్చు, తమ్ముణ్ణి మార్చుకోలేడు. ఈ ఒక్క లోడూ దించాక ఆ మాట చెప్పేద్దామనుకున్నాడు.

తమ్ముడు ముందే వచ్చి ఉన్నాడు. చెయ్యెత్తి ఆపమన్నాడు. అన్న చేను మూల దాకా పోనిచ్చి, నిన్ననే తడి పెట్టిన నేలలో ఆపాడు.

"అక్కడ కాదు, వెనక్కి తీసుకురా."

ఇన్నాళ్ళకు నేరుగా మాట్లాడాడు. అన్నకు ప్రాణం లేచివచ్చింది. అయినా పాత నోరు పాత మాటే అన్నది. "ఇక్కడైతేనే చల్లడానికి వీలు. నువ్వు ముందు ట్రాలీ వెనక డోరు తియ్యి."

"తీస్తా గాని, నేను వచ్చేదాకా లివరు ముట్టుకోకు. నీకొకటి చెప్పాలి."

ఏం చెబుతాడో అన్నకు తెలుసు. పంపకం ఎప్పుడు పెట్టుకుందామని అడుగుతాడు. ఆ మాట వినాల్సిన క్షణాన్ని కాస్త వెనక్కి నెట్టాలనిపించింది.

వెనక ఒక గొళ్ళెం టక్కున ఊడిన చప్పుడైంది.

"రెండోది బిగుసుకుంది. ఆగు," అన్నాడు తమ్ముడు.

"బరువు మీద పడితే అదే వస్తుందిలే," అంటూ అన్న లివరు లాగాడు. తొట్టి మూలుగుతూ పైకి లేచింది. ఎరువు జారిన చప్పుడు మాత్రం రాలేదు.

"తీశావా?"

జవాబు లేదు.

"ఒరే, నిన్నే."

అన్న ఇంజను ఆపేశాడు. గొళ్ళెం పట్టుకుని పంతం పట్టాడన్నమాట. మౌనానికి వినేవాడు తనకు తోచిన అర్థమే ఇచ్చుకుంటాడు. అన్న కూడా ఇచ్చుకున్నాడు. స్టీరింగ్ మీద చేతులు పెట్టి, ముందుకే చూస్తూ మొదలుపెట్టాడు.

"సరే, నువ్వే గెలిచావు. దీన్ని తిరిగి ఇచ్చేసి రేపే ఆ పొట్టిది తెచ్చుకుందాం. నువ్వే బేరమాడు, నేను నోరెత్తను. వేరుపడదామని మాత్రం అనకు. నువ్వు పక్కన లేకపోతే నేను ఎవరి మీద గెలవాలిరా?"

ఇంత పొడుగు మాట తమ్ముడితో ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. మాట్లాడాక గుండె తేలికైంది. అప్పటికీ పలుకు లేదు.

సీటు మీంచి పక్కకు వంగి చూశాడు. ట్రాలీ చక్రం వెనక తమ్ముడి కాళ్ళు, బురదలో చాపుకుని ఉన్నాయి. అన్నకు నవ్వు వచ్చింది. చిన్నప్పుడు కోపం వస్తే వాడంతే. ఎక్కడుంటే అక్కడ బోర్లా పడుకుని, ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. ప్రతిసారీ అన్నే వెళ్ళి చంకల కింద చేతులేసి లేపేవాడు.

"ఇంకా అదే అలకా? లే, బట్టలు పాడవుతాయి. ఉండు, వస్తున్నా."

మడ్‌గార్డు పట్టుకుని, తడినేల మీదికి ఒక కాలు దించబోతూ, తొట్టి ఎంత ఎత్తు లేచిందోనని తలెత్తి చూశాడు.

తొట్టి అంచు కరెంటు తీగకు ఆనుకుని ఉంది.