పక్కవాళ్ళకు తెలిసిన వాసన

"ఇదేం వాసనమ్మా?" కొంటా ఆస్పత్రిలో నాగమణి ముక్కు దగ్గర కర్పూరం పెట్టి అడిగింది డాక్టరమ్మ.

"ఏం తెలుస్తలేదు మేడం."

డాక్టరమ్మ టార్చి వేసి చూసింది. "లోపల పొర ఎండి చెక్కులు కట్టింది. అందుకే నీకు వాసన తెలియదు. కానీ నీ ముక్కులోంచి చెడు వాసన వస్తుంది. నీకు తప్ప పక్కవాళ్ళందరికీ తెలుస్తుంది. ఇంట్లో ఎవరూ చెప్పలేదా?"

ఒక్క అత్తే చెప్పింది. "నీ ముక్కు వాసనొస్తాంది, దవాఖానకు పో బిడ్డా" అని రెండేళ్ళ కిందట అంటే, నాగమణి గొల్లపల్లి ఊరంతా వినేలా తిట్టిపోసింది. "ఏ వాసనా లేదు, అమ్మకు నువ్వంటే గిట్టదు" అన్నాడు భర్త సీతారాములు. ఆ మాట నమ్మి నాగమణి కొంటాలో వేరు కాపురం పెట్టించింది.

ఇప్పుడు భర్త వైపు తిరిగింది. "నీకు తెల్సా?"

సీతారాములు తల దించుకున్నాడు. "చెప్తే బాధపడతవని..."

"ఉక్కపోస్తాందని రోజూ బయట పండుకునుడు అందుకేనా?"

డాక్టరమ్మ మందుల పర్చీ రాసిచ్చింది. "రోజూ ఉప్పునీళ్ళతో కడుక్కుని మందులు వాడు. ముందే వస్తే ఇంత ముదిరేది కాదు."

బయట సీతారాములు బండి తీశాడు. "ఇంటికి పోదాం, ఎక్కు."

"గొల్లపల్లి పోనియ్," అంది నాగమణి. "రెండేళ్ళు మీ అమ్మను నాతోని తిట్టిచ్చినవ్. ఆమె కాళ్ళు నేను పట్టుకుంట. అబద్ధం ఆడిందెవలో ఆమెకు నువ్వే చెప్పు."