చేపల మిషన్ చూపిన చోటు

“చేపలను ఎతికే మిషన్ మా అన్నను ఎతుకుతదా సారూ?”

పడవ వెనక చెక్కకు సెన్సార్ బిగిస్తున్న మహిధర్ తలెత్తలేదు. “నీళ్ల అడుగున ఏమున్నా చూపిస్తుందన్నా. చేపే కానక్కర్లేదు.”

బస్వరాజ్ నవ్వలేదు, నమ్మలేదు. తెడ్డు పట్టుకుని కూర్చున్నాడు.

మహిధర్ జహీరాబాద్ ట్రాక్టర్ ఫ్యాక్టరీలో కొత్త ఇంజనీరు. సెలవొస్తే గాలం పట్టుకుని రాయికోడ్ దగ్గరి సింగూరు డ్యాం నీళ్లకు వచ్చేస్తాడు, బస్వరాజ్ పడవే ఎక్కుతాడు. ఈసారి గాలం తేలేదు. కొత్తగా కొన్న ఫిష్‌ఫైండర్ డబ్బా మాత్రం తెచ్చాడు.

బస్వరాజ్ అన్న సంగప్ప మొన్న ఒక్కడే వల తీయడానికి వెళ్లాడని అన్నారు. ఖాళీ పుట్టి పడవ ఒడ్డుకు కొట్టుకొచ్చింది, మనిషి రాలేదు. గజ ఈతగాళ్లు బ్రిడ్జి వైపంతా వెతికి వెళ్లిపోయారు. అప్పటి నుంచి తల్లి దేవమ్మ చుక్క నీళ్లు ముట్టలేదు.

“అమ్మా, కొంచెం తాగండి,” ఒడ్డున కూర్చున్న ఆమెకు మహిధర్ బాటిల్ ఇవ్వబోయాడు.

“మా నల్లల వచ్చేది గీ నీళ్లే గదా బిడ్డా. వాడు అండ్ల ఉండంగ ఎట్ల తాగాలె?”

“ఇది కొన్న బాటిల్ అమ్మా.”

“ఏ నీళ్లయినా నీళ్లే.” ఆమె పెదాలు పగిలి నెత్తురు కారుతోంది. దవాఖానకు తీసుకుపోతే సెలైన్ సూది పీకేసి వచ్చింది. ఇంకో పూట ఇలాగే ఉంటే దక్కదని డాక్టర్ చెప్పేశాడు.

పడవ కదిలింది. స్క్రీన్ మీద చుక్కలు, అడ్డగీతలు తప్ప ఏమీ లేదు. సెన్సార్ కింద బుడగలు పడుతున్నాయనుకుని మహిధర్ దాన్ని విప్పి ఇంకాస్త లోతుకు దించాడు. మళ్లీ అదే. పాచి పట్టిందేమోనని కర్చీఫ్‌తో తుడిచాడు, వైరు పీకి మళ్లీ గుచ్చాడు. స్క్రీన్ నల్లబడి, వెలిగింది. ఈసారి నీళ్ల అడుగు గీత గీసినట్టు కనిపించింది. పైన చేపలు వంపులు తిరుగుతున్నాయి.

“వచ్చిందన్నా, బొమ్మ వచ్చింది.”

బస్వరాజ్ బ్రిడ్జి వైపు కాకుండా, మునిగిన తుమ్మచెట్ల కొమ్మలు నీళ్లపైకి వేళ్లలా లేచిన వైపు తెడ్డు వేస్తున్నాడు. గాలి లేదు. అయినా ఆ కొమ్మలు ఉండుండి కదులుతున్నాయి.

“రాత్రంత అన్న పిలుస్తుండు సారూ. అమ్మకే కాదు, నాకు గూడ ఇనొస్తుంది.”

“ఏమని?”

“నా పేరు పెట్టి.”

మహిధర్ కళ్లు స్క్రీన్‌కే అప్పగించేశాడు. కొమ్మల మధ్య బస్వరాజ్ గడ దింపి పడవ ఆపాడు. “ఈడ సూడు.”

స్క్రీన్ మీద ఒక ఆకారం. పొడుగ్గా, అడుగున ఆనుకుని, కదలకుండా. మహిధర్ స్క్రీన్ మీదికి వంగాడు.

“అన్నా, ఏదో ఉంది, మనిషంత...”

మాట పూర్తి కాకముందే బస్వరాజ్ దూకేశాడు. మొదటిసారి ఖాళీ చేతులతో తేలాడు, గుండె నిండా గాలి పీల్చి మళ్లీ మునిగాడు. రెండోసారి అన్నతో తేలాడు. తుమ్మ ముళ్లకు చిక్కిన చొక్కా సగం అడుగునే ఉండిపోయింది.

ఒడ్డున దేవమ్మ కొడుకు మొహం తన కొంగుతో తుడిచింది. తర్వాత తనే చెయ్యి చాపి బాటిల్ అడిగింది, గటగటా తాగింది. “నీ మిషన్ సల్లగుండ బిడ్డా,” అంది.

మహిధర్ కళ్లు తుడుచుకుని సెన్సార్ విప్పాడు, ఎండలో ఇసుక మీద ఆరబెట్టాడు. స్క్రీన్ ఆపుదామని వంగి అలాగే ఉండిపోయాడు. సెన్సార్ ఎండిన ఇసుకలో ఉంది. స్క్రీన్ మీద మాత్రం నీళ్లున్నాయి. చేపలు తిరుగుతున్నాయి. కాసేపటికి అదే పొడుగాటి ఆకారం మళ్లీ వచ్చి వెళ్లింది.

“అన్నా.” బస్వరాజ్‌ను పక్కకు పిలిచాడు. “ఇది షాపులో కస్టమర్లకు చూపించే డెమో బొమ్మ, వైరు పీకి గుచ్చినప్పుడు వచ్చేసింది. మిషన్ అసలు నీళ్లలోకి చూడనేలేదు. మరి మనం సరిగ్గా అక్కడికే ఎలా వెళ్లాం?”

బస్వరాజ్ తల్లి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

“మునిగేటప్పుడు అన్న నా చెయ్యి పట్టుకున్నది ఆడనే సారూ. నేనే ఇడిపిచ్చుకున్న.”