ప్రాసెసర్ల లెక్క

"సార్, సర్వర్ సాఫ్ట్‌వేర్ లైసెన్సులు వర్చువల్ మిషన్ల లెక్కన తీసుకోవాల్నా, సర్వర్‌ల ఉన్న ప్రాసెసర్ల లెక్కనా?"

కృపాకర్ చేతిలోని లైసెన్సుల జాబితా చూస్తూ రాజీ రిసెప్షన్‌లో అందరి ముందే అడిగింది. అతని చెవులు వేడెక్కాయి. భూపాలపల్లిలోని ఆ ప్రైవేటు దవాఖానలో ఆరేళ్లుగా కంప్యూటర్ల ఇన్‌చార్జి అతనే. రాజీ మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి మూడు నెలల ట్రైనింగ్‌కు వచ్చింది.

"బీటెక్ చదివినవ్, గింత తెల్వదా? మీ తండాల గిట్లనే చెప్పిన్రా?"

రిసెప్షన్‌లో వాళ్లు నవ్వారు. రాజీ తల దించుకుంది.

నిజానికి కృపాకర్‌కే తెలియదు. ఒకే సర్వర్‌లో వేర్వేరు కంప్యూటర్లలా నడిచే నాలుగు వర్చువల్ మిషన్లకు, ఒక్కోదానికి ఒకటి చొప్పున నాలుగు లైసెన్సులని రాసుకున్నాడు. ఇప్పుడు అనుమానం పట్టుకుంది. మధ్యాహ్నానికి మేనేజర్ కనకయ్యకు లెక్క ఇవ్వాలి, అది తప్పయితే ఉద్యోగం పోతుంది. ఇంట్లో మొదట డిగ్రీ చదివింది తనే. తెలియదని ఎవరితోనూ అనలేడు. మెట్ల కింద నిలబడి, ఫోన్‌లో సందేహాల సైట్ తెరిచి, సోమయ్య అనే దొంగపేరుతో అడిగాడు.

"ఒకే సర్వర్. రెండు ప్రాసెసర్లు, వాటిలో మొత్తం పదహారు కోర్లు. లోపల నాలుగు వర్చువల్ మిషన్లు. స్టాండర్డ్ రకం లైసెన్స్ ఎన్ని కోర్లకు కావాలి?"

పది నిమిషాల్లో 'గోదారి' అనే పేరుతో జవాబొచ్చింది. "మంచాలు కాదు, గదులు లెక్కపెట్టండి. సర్వర్‌లో నిజంగా ఉన్న కోర్లన్నిటికీ ఒకసారి లైసెన్స్ తీసుకుంటే రెండు మిషన్లు నడుపుకోవచ్చు. ఇంకో రెంటికి ఆ కోర్లన్నిటికీ మళ్లీ తీసుకోవాలి. మీకు ముప్పై రెండు. అడగడం చిన్నతనం కాదు, సోమయ్యగారూ."

మధ్యాహ్నం కనకయ్య గదిలో కృపాకర్ గొంతు పెంచి చెప్పాడు. "మంచాలు కాదు సార్, గదులు లెక్కపెట్టాలె. ముప్పై రెండు."

గది మూల ప్రింటర్ దగ్గర కాగితాలు సర్దుతున్న రాజీ ఒక్కసారి తలెత్తింది. కాగితాలు తీసుకుని బయటికి వెళ్లింది.

"శభాష్! నీ అంత తెలివి ఎవలికున్నదయ్యా?" అన్నాడు కనకయ్య. "మరి రాజీ ట్రైనింగ్ ఇయ్యాల్టితో అయిపాయె, ఆ పిల్లను పర్మనెంట్ చేద్దామా?"

కృపాకర్‌కు పొద్దున్నటి ప్రశ్న గుర్తొచ్చింది. ఆమె ఉంటే రోజూ ఏదో ఒకటి అడుగుతుంది.

"బేసిక్సే రావు సార్."

సాయంత్రం రాజీ తన ఐడీ కార్డు తెచ్చి అతని బల్ల మీద పెట్టింది. అతను ఆమె ముఖం చూడలేకపోయాడు.

"ఏమనుకోకు రాజీ. ఇంకెక్కడన్న నేర్చుకుంటవ్."

"ఏమనుకోను సార్. మీ జాబితల తప్పున్నదని చెప్పలేక, అందరి ముందట అడిగి మిమ్ముల పరేషాన్ చేసిన."

తలుపు దాకా వెళ్లి ఆగింది.

"మళ్ల డౌటొస్తే అడుగుండ్రి, సోమయ్య సార్."