ఐదు గంటల కార్డు

డెబ్బై మూడు ఎండాకాలం. హఫీజ్‌పేట ఫ్యాక్టరీలో షెడ్డు రేకుల మీంచి పడ్డ కూలీని మధ్యాహ్నం రెండింటికే తోటివాళ్లు లారీలో దవాఖానకు తీసుకుపోయారు. ఐదింటికి సైరన్ మోగగానే టైమ్‌కీపర్ రామబ్రహ్మం అతని కార్డును హాజరు గడియారంలో దోపి, అప్పుడే పని దిగినట్టు టైము కొట్టాడు.

రామబ్రహ్మానిది నెల జీతం. జ్వరంతో ఇంట్లో పడుకున్నా ఒకటో తారీఖున మొత్తం చేతికొస్తుంది. కూలీలకు మాత్రం గంటల లెక్క. పడిన నిమిషం నుంచి పైసా రాదు.

మర్నాడే ఆ కూలీ ప్రాణం పోయింది. శనివారం కూలి డబ్బులకు భార్య కిష్టమ్మ వచ్చింది.

"రెండు గంటలకే పడిండు గద సారూ, దినమంత కూలి ఎట్లొచ్చింది?"

"కార్డు నేనే కొట్టానమ్మా. ఎవరికీ చెప్పకు, నా ఉద్యోగం పోతుంది."

"సచ్చినా చెప్ప సారూ," అని దండం పెట్టింది.

నెల తర్వాత ఆమె నష్టపరిహారం అడగడానికి వచ్చింది. సాక్ష్యానికి వస్తే ఆ గంటల కూలి పోతుందని తోటివాళ్లెవరూ రాలేదు. మేనేజరు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఐదింటికి కార్డు కొట్టుకుని వెళ్లిన మనిషి రెండింటికి మా షెడ్డు మీంచి ఎలా పడతాడమ్మా? బయటెక్కడో పడుంటాడు."

కిష్టమ్మ రామబ్రహ్మం వైపు చూసింది. మేనేజరూ అటే తిరిగాడు.

"ఏమయ్యా, ఈ కార్డు కొట్టిందెవరు?"

"అతనేనండి," అన్నాడు రామబ్రహ్మం తల ఎత్తకుండా.

కిష్టమ్మ నోరు తెరవబోయి ఆగింది. చెప్పనని మాటిచ్చింది. చెప్పలేదు.