బొండాం మెడ పట్టీ

ఇప్పుడు కుక్కలన్నిటికీ మెడలో మాటలాడే పట్టీ ఉంటాది కదా. జబ్బు రాకముందే మందెయ్యాలని అది పోరుతుంటాది. ఇంట్లో మాటలన్నీ వింటాది. మందు మానితే బండిని పిలిచి కుక్కని పట్టించేస్తాది.

పైడమ్మకి కొడుకు అప్పలసూరీ మావోడే, కుక్క బొండామూ మావోడే. సూరి తాగుడు మానీసినాడని సంబరపడి, గోడ మీంచి పక్కింటి ఆదిలక్ష్మికి చెప్పింది, "మావోడు మందు మానీసినాడే."

కాళ్ల దగ్గరున్న బొండాం పట్టీ అందుకుంది. "కుక్కకి మందు మానిపించారు. బండి వస్తోంది."

"నీ మొహం మండ, నానన్నది నా కొడుకుని."

"నాతో చెప్పేది నేను నమ్మను. పక్కింటివాళ్లతో చెప్పేదే నిజం."

వీధి మలుపులో బండి కూత వినబడింది. బొండాం వణుకుతా పైడమ్మ కుచ్చెళ్ల వెనక్కి దూరింది. ఇంక పైడమ్మ సిగ్గొదిలేసి, వీధంతా వినేలాగ అరిసింది. "ఆదిలక్ష్మీ, నానబద్ధమాడినానే. మావోడు పొద్దూ మాపూ మందేసుకుంటానే ఉన్నాడు."

బండి వెనక్కి తిరిగిపోయింది.

"సంతోషం. మందు కొంచెం పెంచమంటారా?" అంది పట్టీ.

లోపల్నుంచి సూరి అన్నాడు, "డాట్రు లాంటిది చెప్తంటే కాదనకే అమ్మా."